చిట్టీ పాడే ముందు గడియారం చూడండి

ఆదివారం పొద్దున్నే మా బావ ఫోన్ చేశాడు.

"బామ్మర్దీ, జర ఒక్కసారి ఇంటికి వచ్చి పో. ఈ నెల చిట్టీ పాడుదామనుకుంటున్న. బిడ్డకు కొత్త లాప్‌టాప్ కొనాలె. ఎనభై వేలదైతే మంచిదంటున్నరు. ఏది కొనాల్నో నువ్వు చెప్పు."

చిట్టీ వేసేవాళ్లకు ఈ లెక్క తెలిసిందే. మొదట్లోనే తొందరపడి పాడితే చేతికొచ్చేది తగ్గుతుంది, కట్టాల్సింది మాత్రం చివరిదాకా ఉంటుంది. ఆ చిట్టీ ఇంటి పైగది కోసం రెండేళ్లుగా కడుతున్నది. అందుకే కొనేది ఏదన్నది తర్వాత, అసలు ఎందుకు కొనాలో చూద్దామని బండి తీశాను.

మేముండేది మేడ్చల్. అక్కావాళ్లది శామీర్‌పేట దగ్గర ఊరు. ఒకప్పుడు ఈ దారంతా ద్రాక్షతోటలు. ఇప్పుడు ఒకవైపు ఫంక్షన్ హాళ్లు, ఇంకోవైపు గేటెడ్ విల్లాలు. శామీర్‌పేట చెరువు అక్కడే ఉంది కానీ చుట్టూ లోకం మారిపోయింది. నల్సార్ వచ్చింది, జీనోమ్ వ్యాలీ వచ్చింది, 2008లో బిట్స్ పిలానీ క్యాంపస్ వచ్చింది. 2016లో మేడ్చల్–మల్కాజిగిరి పేరుతో జిల్లా కూడా అయింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు మాత్రం ఇప్పటికీ ఎక్కువగా పడమటి వైపే. మాదాపూర్, గచ్చిబౌలి వెళ్లి రావాలంటే మా వైపు పిల్లలకు రోజులో మూడు నాలుగు గంటలు రోడ్డుకే పోతాయి. అందుకే మా కోడలు (మా అక్క కూతురు) వారంలో మూడు రోజులు ఇంటినుంచే పని చేసే చిన్న కంపెనీలో చేరింది. షరతు ఒక్కటే, లాప్‌టాప్ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.

నేను వెళ్లేసరికి అమ్మాయి మంచం మీద కూర్చుని ఉంది. పరుపు మీద లాప్‌టాప్. తెర మీద ఓ గీత మెల్లగా కదులుతోంది.

"ఏం చేస్తున్నవ్ బిడ్డా?"

"బిల్డ్ నడుస్తంది మామా. నడుస్తనే ఉంటది."

ఈ పని తెలియని వాళ్లకోసం ఒక్కమాట. మనుషులు రాసిన ప్రోగ్రామును ఫోను నేరుగా అర్థం చేసుకోలేదు. వందలు, వేల ఫైళ్లను చదివి, అనువదించి, జతచేసి, చివరికి ఫోన్లో నడిచే ఒక యాప్‌గా మూట కట్టాలి. ఆ మొత్తం పనినే బిల్డ్ అంటారు. ఒక్క వాక్యం మార్చినా, మార్పు పనిచేస్తుందో లేదో చూడాలంటే బిల్డ్ కావాల్సిందే. మా కోడలిది ఆండ్రాయిడ్ యాప్. ఆ పని చేసే సాధనం పేరు గ్రేడిల్.

"ఒక్కో బిల్డ్ ఎంతసేపు?"

"పదకొండు నిమిషాలు. రోజుకు పది పన్నెండు సార్లు చేయాలె."

పదకొండు పన్నెండ్లు నూట ముప్పై రెండు. అంటే రోజుకు రెండు గంటల పన్నెండు నిమిషాలు ఊరికే చూస్తూ కూర్చోవడమే. అది కూడా ఒకేసారి వచ్చే రెండు గంటలు కాదు, పన్నెండు ముక్కలు. ప్రతి ముక్కలోనూ ఆలోచన తెగిపోతుంది. ఫోన్ చేతిలోకి వస్తుంది. బిల్డ్ అయిపోయాక "ఇంతకీ నేను ఏం మార్చాను?" అని మళ్లీ వెతుక్కోవాలి.

ఈలోగా అక్క చాయ్ తెచ్చి నెమ్మదిగా చెప్పింది. అమ్మాయి ప్రొబేషన్ ఇంకో ఆరు వారాల్లో అయిపోతుందట. మొన్న మీటింగులో పైవాళ్లు "పని బాగుంది కానీ స్లోగా ఉన్నావు" అన్నారట. అప్పటినుంచి రాత్రి పన్నెండు దాకా కూర్చుంటోంది. "నాకు ఈ పని రాదేమోనమ్మా" అని ఒకసారి ఏడ్చింది కూడా.

మా బావ చిట్టీ పాడతాననడం వెనకున్నది ఇదీ. ఆయనకు బిల్డ్ అంటే తెలియదు, బిడ్డ ఏడ్చిందని తెలుసు.

నేను చేయబోయిన తప్పు

ఈ రంగంలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను కనుక నాకు వెంటనే దొంగ దొరికిపోయినట్టు అనిపించింది. విండోస్‌లో బిల్డ్ నెమ్మదిగా ఉందంటే నాలాంటి వాళ్లంతా మొదట వేలు చూపించేది యాంటీవైరస్ వైపే. దానికి కారణం లేకపోలేదు.

మా మేడ్చల్ రోడ్డులో ఫంక్షన్ హాలు గేటు దగ్గర వాచ్‌మన్‌ను ఊహించుకోండి. పెళ్లికి యాభై కార్లు వస్తే ఒక్కోదాన్నీ ఆపి చూసి పంపినా ఎవరికీ ఇబ్బంది ఉండదు. అదే, ఒకేసారి ఐదు వేల మంది నడిచి వస్తే? ప్రతి మనిషినీ ఆపితే ముహూర్తం దాటిపోతుంది. మనం సినిమా చూసేటప్పుడు కంప్యూటర్ తెరిచేది ఒకే పెద్ద ఫైలు. బిల్డ్ తెరిచేవి వేల కొద్దీ చిన్న ఫైళ్లు. విండోస్‌తో వచ్చే డిఫెండర్ తెరిచిన ఫైళ్లను అప్పటికప్పుడు తనిఖీ చేస్తుంది. అది దాని డ్యూటీ. కానీ ఆ కొద్ది క్షణాలే వేలసార్లు కలిసి నిమిషాలవుతాయి.

"ఇదే బిడ్డా కారణం" అని సెట్టింగ్స్ తెరవబోయి ఆగాను. రోజూ జూనియర్లకు నేను చెప్పే మాట నాకే గుర్తొచ్చింది. కొలవకుండా మార్చొద్దు. మార్చినా, ఒకసారికి ఒక్కటే మార్చు.

నోట్‌బుక్ తెమ్మన్నాను. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టాం. గ్రేడిల్‌లో ప్రొఫైల్ అనే ఆప్షన్ ఉంటుంది, అది పెట్టి బిల్డ్ చేస్తే ఏ పనికి ఎంతసేపు పట్టిందో పట్టీ రాసిస్తుంది. "రోజూ ఎలా చేస్తావో అలాగే చెయ్" అన్నాను. అమ్మాయి ఒక వాక్యం మార్చి, ముందు క్లీన్ అనేది నొక్కి, తర్వాత బిల్డ్ నొక్కింది.

పదకొండు నిమిషాల నాలుగు సెకన్లు.

"ప్రతిసారీ క్లీన్ కొడతావా?"

"కొట్టాలె కద మామా?"

క్లీన్ అంటే ఇంతకుముందు తయారుచేసి పెట్టుకున్నదంతా చెరిపేయడం. ఒక్క దోశ కోసం గిన్నెడు పిండి పారబోసి మళ్లీ పప్పు నానబెట్టడం లాంటిది. క్లీన్ లేకుండా ఇంకో వాక్యం మార్చి మళ్లీ బిల్డ్ చేయించాను. నాలుగున్నర నిమిషాలు. నేను అనుమానించిన యాంటీవైరస్ జోలికి ఇంకా పోనేలేదు, ఆరున్నర నిమిషాలు తగ్గాయి.

ఆ భయం కొత్తది కాదు

ఇలాంటి చోట నవ్వేసి "ఇంత చదివి ఇదేం పని" అనడం తేలిక. కానీ ఎందుకలా అలవాటైందో అడిగాను. ఇంజినీరింగ్ ఫైనలియర్‌లో ప్రాజెక్టు చూపించే ముందు రోజు, తప్పు సరిదిద్దాక కూడా యాప్ పాతగానే నడిచిందట. రాత్రంతా తల బద్దలుకొట్టుకున్నాక ఒక సీనియర్ "క్లీన్ కొట్టు" అన్నాడట. కొట్టగానే సరిపోయింది. అప్పటినుంచి ప్రతిసారీ క్లీన్. దేవుడికి దండం పెట్టి పరీక్షకు వెళ్లినట్టు.

అప్పుడు నేను ఆ అమ్మాయికి ఒక పాత కథ చెప్పాను. 1976 ప్రాంతంలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో సరిగ్గా ఇదే జరిగింది. స్టీవ్ జాన్సన్ అనే ఆయన తన ప్రోగ్రాములో ఒక తప్పును దిద్దాడు. కానీ దిద్దిన ఫైలు మళ్లీ కంపైల్ కాలేదు. అది తెలియక, సరిగ్గానే ఉన్న ప్రోగ్రాములో తప్పు వెతుకుతూ ఒక పూట వృథా చేసుకున్నాడు. విసుగ్గా వచ్చి ఆ గోడు వెళ్లబోసుకుంటే విన్నది స్టువర్ట్ ఫెల్డ్‌మన్. ఆయనకూ ముందు రోజు రాత్రి అదే అనుభవం. దాంతో ఆ వారాంతంలోనే కూర్చుని ఒక సాధనం రాయడం మొదలుపెట్టాడు. దాని పేరు మేక్. అది చేసేది ఒకటే. ఏ ఫైలు దేనిమీద ఆధారపడిందో చూస్తుంది, ఏది ఎప్పుడు మారిందో చూస్తుంది, మారినదాన్నీ దానిమీద ఆధారపడినవాటినీ మాత్రమే మళ్లీ తయారుచేస్తుంది. దానికి 2003లో ఏసీఎం సంస్థ అవార్డు ఇచ్చింది. నేటి గ్రేడిల్ దాకా వచ్చిన సాధనాలన్నిటిలోనూ ఉన్నది ఆ ఆలోచనే.

"అంటే నా భయం తప్పు కాదా మామా?"

"భయం తప్పు కాదు బిడ్డా. ఆ భయానికి మందు కనిపెట్టి దాదాపు యాభై ఏళ్లయింది. నువ్వు మందు వేసుకుంటూనే లంఖణం కూడా చేస్తున్నవ్."

క్లీన్ అసలే వద్దని కాదు. గ్రేడిల్ వెర్షన్ మార్చినప్పుడో, ఎంత వెతికినా అర్థంకాని లోపం వచ్చినప్పుడో ఒకసారి కొట్టొచ్చు. రోజుకు పన్నెండు సార్లు కాదు.

ఒక్కొక్కటిగా

మిగిలిన నాలుగున్నర నిమిషాలు ఎక్కడ పోతున్నాయో చూశాం. టాస్క్ మేనేజర్ తెరిచి బిల్డ్ నడుస్తుండగా ఎవరు ఎంత వాడుకుంటున్నారో గమనించాం.

మొదటిది, ప్రాజెక్టు ఫోల్డర్ ఉన్న చోటు. అమ్మాయి దాన్ని డెస్క్‌టాప్ మీద పెట్టుకుంది. డెస్క్‌టాప్ మొత్తం ఇంటర్నెట్ బ్యాకప్‌కు కలిపి ఉంది. అంటే బిల్డ్ పుట్టించే వేల ఫైళ్లనూ ఒకపక్క పైకి ఎక్కిస్తూ ఉంది. ఫోల్డర్‌ను అక్కడినుంచి తీసి వేరేచోట పెట్టాం. ప్రోగ్రాము భద్రంగా ఉండటానికి కంపెనీ గిట్ ఉంది కదా, ఈ బ్యాకప్ అక్కర్లేదు. మూడు నిమిషాల నలభై సెకన్లు.

రెండోది, నేను మొదట అనుమానించిన కాపలాదారు. చాలామంది ఇక్కడ డిఫెండర్‌ను ఆపేయమని సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చేయొద్దు. తాళం తీయడానికి బద్ధకమని తలుపే పీకేసుకోం కదా. దీనికి విండోస్ 11లో 2023 నుంచి మంచి మార్గం ఉంది. దాన్ని డెవ్ డ్రైవ్ అంటారు. ప్రోగ్రాములు రాసేవాళ్ల కోసమే విడిగా కట్టిన గది అనుకోండి. ఆ గదిలోకి వచ్చే అతిథిని ముందు కూర్చోనిచ్చి, తర్వాత తనిఖీ చేస్తారు. తనిఖీ మానేయరు, దానికోసం పనిని ఆపరు. ఖాళీ స్థలం కనీసం 50 జీబీ కావాలి. మెమరీ 8 జీబీ ఉండాలి, 16 ఉంటే మేలు.

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్, అందులో అడ్వాన్స్‌డ్ స్టోరేజ్ సెట్టింగ్స్, అక్కడ డిస్క్స్ అండ్ వాల్యూమ్స్‌లోకి వెళితే డెవ్ డ్రైవ్ తయారుచేసే బటన్ కనిపిస్తుంది. ఉన్న డ్రైవ్‌ను అలా మార్చడం కుదరదు, కొత్తగా కట్టుకోవాల్సిందే. ప్రాజెక్టుతో పాటు గ్రేడిల్ దింపుకొనే లైబ్రరీల నిల్వను కూడా అక్కడికే మార్చాలి. చాలామంది మరిచిపోయేది ఇదే. ఆండ్రాయిడ్ స్టూడియోలాంటి సాఫ్ట్‌వేర్లను మాత్రం వాటి మామూలు చోటే ఉండనివ్వండి. రెండు నిమిషాల యాభై సెకన్లు.

నేను దొంగ అనుకున్న వాడి వాటా యాభై సెకన్లే అన్నమాట. ఇంకొకరి కంప్యూటర్లో ఇది నిమిషాలు కావచ్చు. అందుకే కొలవమనేది.

మూడోది, మెమరీ. ఆ లాప్‌టాప్‌లో ఉన్నది 8 జీబీ. ఒకపక్క ఆండ్రాయిడ్ స్టూడియో, దానిలోపల ఫోన్‌ను అనుకరించే ఎమ్యులేటర్, పైన బ్రౌజర్‌లో పాతిక ట్యాబులు. మెమరీ చాలక విండోస్ సామాన్లను డిస్కులోకి మోస్తూ, మళ్లీ తెస్తూ ఉంది. ఎమ్యులేటర్ మూసేసి, ఇంట్లో మూలన పడున్న పాత ఆండ్రాయిడ్ ఫోన్‌ను వైరుతో కలిపాం. యాప్‌ను అందులోనే నడిపి చూడొచ్చు. అంతేకాదు, పరుపు మీదినుంచి లాప్‌టాప్‌ను బల్ల మీదికి మార్చాం. పరుపు గాలి దారులను మూసేస్తే ప్రాసెసర్ వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మే నెల మధ్యాహ్నం మన ఇళ్లలో ఇది ఇంకా ఎక్కువ. ఛార్జర్ పెట్టి, పవర్ మోడ్‌ను బెస్ట్ పెర్ఫార్మెన్స్‌కు మార్చాం. ఒకటి యాభై.

(ఇక్కడ నేనే నా నియమం తప్పి మూడు మార్పులు కలిపి చేశాను. కోడలు నోట్‌బుక్‌లో "మామ చీటింగ్" అని రాసింది.)

నాలుగోది, గ్రేడిల్ సొంత సెట్టింగ్స్. బిల్డ్ క్యాష్ అనేది పెడితే ఒకసారి చేసిన పని ఫలితాన్ని దాచుకుని మళ్లీ వాడుకుంటుంది. కాన్ఫిగరేషన్ క్యాష్ పెడితే ప్రతిసారీ మొదట్లో వేసుకునే ప్రణాళికను గుర్తుపెట్టుకుంటుంది. పారలల్ పెడితే ఒకదాంతో ఒకటి సంబంధం లేని భాగాలను ఒకేసారి చేస్తుంది. మూడూ ఒకే ఫైలులో మూడు లైన్లు. ఇవి కంపెనీ ప్రాజెక్టు ఫైలులో పెట్టకుండా తన సొంత గ్రేడిల్ ఫోల్డర్‌లో పెట్టించాను, మిగతావాళ్ల బిల్డ్‌కు ఏమీ కాకూడదు కదా.

నిమిషం పదిహేను సెకన్లు.

ఎక్కువ కోర్లు కొంటే సరిపోదా?

అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి చూస్తున్న బావ అడిగాడు. "షాపాయన కోర్లు ఎక్కువుంటే బిరబిర అయితదన్నడు. అది అబద్ధమా?"

"అబద్ధం కాదు బావా, సగం నిజం. మన శామీర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు దిగేటప్పుడు చూస్తవ్ కద. రోడ్డు ఎంత వెడల్పున్నా టోల్ దగ్గర ఒక్క గేటే తెరిచిన్రనుకో, అందరం ఆ గేటు ఎంత వేగంగా వదిలితే అంతే."

దీన్ని 1967లో జీన్ అమ్‌డాల్ అనే కంప్యూటర్ ఇంజినీరు లెక్క కట్టి చెప్పాడు. పది నిమిషాల పనిలో నాలుగు నిమిషాలు ఒకదాని తర్వాత ఒకటిగానే చేయాల్సి ఉంటే, వెయ్యి కోర్లు పెట్టినా ఆ నాలుగు నిమిషాలు తగ్గవు. ప్రతిసారీ అన్నీ చెరిపేసే అలవాటు ఉన్నంతకాలం ఎనభై వేల లాప్‌టాప్ కూడా ఆ చెరిపేసిన పనినే కాస్త వేగంగా మళ్లీ చేస్తుంది. కొన్నాళ్లకు ప్రాజెక్టు పెరుగుతుంది, మళ్లీ పాత కథే.

అలాగని వస్తువు ఎప్పుడూ కొనొద్దని చెప్పను. మెమరీ నిజంగానే చాలలేదని టాస్క్ మేనేజర్ చూపించింది. ఆ లాప్‌టాప్‌లో ఇంకో ర్యామ్ పెట్టడానికి ఖాళీ స్లాట్ ఉంది. (కొన్నిటిలో ఉండదు, కొనే ముందు చూసుకోండి.) మరుసటి శనివారం సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి ఇంకో 8 జీబీ పెట్టించుకొచ్చాం. అనుకున్న లాప్‌టాప్ ధరలో పదోవంతు కూడా కాలేదు. ఇప్పుడు ఎమ్యులేటర్ నడిచినా బిల్డ్ ఆగడం లేదు. అదే పాత డిస్కు ఉన్న కంప్యూటరైతే, అంటే లోపల గుండ్రంగా తిరిగే హార్డ్‌డిస్క్ ఉంటే, ఎస్ఎస్‌డీ పెట్టించడం అన్నిటికన్నా ముందు చేయాల్సిన ఖర్చు.

మీ ఇంట్లోనూ ఉంటే

మీ పిల్లలదో, మీదో పని ఆండ్రాయిడ్ కాకపోవచ్చు. అయినా దారి ఇదే. సీ ప్లస్ ప్లస్‌లో రాసేవాళ్లు విజువల్ స్టూడియోలో మల్టీ ప్రాసెసర్ కంపైలేషన్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. తరచూ మారని హెడర్లను ముందే కంపైల్ చేసి ఉంచుకోండి. సీక్యాష్, ఎస్‌సీక్యాష్ లాంటివి పాత ఫలితాలను దాచిపెడతాయి. విండోస్‌లోనే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ 2 వాడేవాళ్లు ప్రాజెక్టును లినక్స్ వైపు ఫోల్డర్‌లోనే పెట్టుకోండి. సీ డ్రైవ్‌లో పెట్టి లినక్స్ నుంచి తెరిస్తే ప్రతి ఫైలుకూ సరిహద్దు దాటాలి. ఇక ఆఫీసు ఇచ్చిన లాప్‌టాప్ అయితే భద్రతకు సంబంధించిన దేన్నీ సొంతంగా ముట్టుకోవద్దు. మీరు రాసుకున్న సమయాల కాగితం పట్టుకుని ఐటీ వాళ్లను అడగండి. "స్లోగా ఉంది" అంటే వినకపోవచ్చు. "తనిఖీ వల్ల బిల్డ్‌కు ఇన్ని సెకన్లు పోతున్నాయి" అంటే వింటారు.

ఆ కాగితం సంగతే చెప్పి ముగిస్తాను. నిమిషం పదిహేను సెకన్ల చొప్పున పన్నెండు బిల్డులకు పదిహేను నిమిషాలు. రోజుకు నూట పదిహేడు నిమిషాలు మిగిలాయి. సోమవారం మా కోడలు ఆ నోట్‌బుక్ పేజీనే ఫోటో తీసి టీమ్‌కు పంపిందట. ఇంకో ఇద్దరు కూడా రోజూ క్లీన్ కొట్టేవాళ్లేనని అప్పుడు బయటపడింది. "అందరికీ పనికొచ్చేలా ఒక పేజీ రాసి పెట్టు" అని పైవాళ్లే అడిగారట.

మొన్న ప్రొబేషన్ అయిపోయింది. ఉద్యోగం నిలిచింది. బిల్డ్ తగ్గినందుకే నిలిచిందని నేను అనను. పని చేసింది ఆ పిల్ల. కానీ రాత్రి పదికల్లా నిద్రపోతోందని అక్క చెప్పింది.

చిట్టీ అలాగే ఉంది. పైగదికి ఇసుక ఎప్పుడు దింపించాలని బావ ఇప్పుడు నన్ను అడుగుతున్నాడు. ఆ విషయంలో నాకేమీ తెలియదని ఎంత చెప్పినా వినడం లేదు.